తాడు పొడుగు

ఉరిశిక్ష పడ్డదని తెలిసిన పొద్దు
ఎనుమాముల గేటు కాడ పటాకులు గాల్చిన్రు.
మిర్చి ఘాటుకో, పొగకో
అందరి కండ్లల్ల నీళ్లు.

"సంతోషమేనా అవ్వా?"
మైకు అడిగింది.
కొంరవ్వ తాలుకాయ ఏరుడు ఆపలే.

"వాడు సావాలె.
కొన్ని రాత్రులు
నా చేతులతోనే అనుకుంట.
కొన్ని రాత్రులు వాని తల్లి యాదికొస్తది,
గప్పుడు బుక్క దిగది.

గది ఇడిసిపెట్టు గానీ,
గా తాడు ఎంత పొడుగుంటది బిడ్డా?
గీ గేటు కాడికెల్లి
మా గుడిసెల దాక వస్తదా?
నడుమ రెండు స్తంభాలకు బుగ్గల్లేవు,
పట్టుకొని నడిసొస్తరు
ఆడిపిల్లలు."

మైకు ఇంకో మొకం దిక్కు తిరిగింది.

చీకటి పడ్డంక
బ్యాటరీని అరచేతిల రెండు దెబ్బలు గొట్టి
వెలిగించింది కొంరవ్వ.
"నడువున్రి" అన్నది.
ఎనుక నలుగురు పోరీలు,
చెప్పుల చప్పుడు.