తొమ్మిది అక్షరాలు

అక్షరానికి నలభై రూపాయలు.
పాత రాయి గనక ఇంకో పది ఎక్కువ.
ఆ మాట ముందే చెప్పేశాను
పాస్టరు దేవసహాయం గారికి.

పాతపట్నంలో దొరల గోరీల దొడ్డి.
పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గుపొడి
రాత్రికి రాత్రి అందరికీ ఒకే రంగు పూసేస్తుంది.
తడిగుడ్డతో నాలుగుసార్లు తుడిస్తే తేలాడాయన:
ఆర్చిబాల్డ్ బల్‌మెర్రిన్.
సముద్ర సుంకాల కచేరీలో గుమాస్తా.
పద్ధెనిమిది వందల పదకొండు, జూన్ మూడు, జ్వరం.
ఇరవై ఆరేళ్ళు.

స్కాట్లాండు నుంచి ఐలీన్ దొరసాని రాసిందట,
ఆ పేరు కింద ఒక ముక్క చెక్కించమని:
ఆఫ్ దట్ ఇల్క్.
ఇంగ్లీషు అక్షరాలు వేలు పెట్టి లెక్కేశాను, తొమ్మిది.
"అంటే ఏటండీ?"
పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"ఊరూ పేరూ ఒకటే అని, పోలయ్యా.
బల్‌మెర్రిన్ అనే ఊరికి బల్‌మెర్రిన్ అనే దొర.
ఇంటిపెద్దకి తప్ప ఇంకెవరికీ చెల్లదు."

ఉలి పక్కన పెట్టాను.
ఊరూ పేరూ లేనోడా అని తిట్టడం
చిన్నప్పట్నించీ విన్నాను గానీ
ఊరూ పేరూ ఒకటే అయినోణ్ణి ఏమంటారో
ఎవరూ చెప్పలేదు నాకు.

కథంతా ఉత్తరంలోనే ఉంది.
ఈయన మూడోవాడు. అక్కడ మూడోవాడికి
చారెడు నేల రాదట, ఓడెక్కడమే.
రెండోవాడు ఏదో యుద్ధంలో పోయాడు.
పెద్దవాడు ఫిబ్రవరి ఇరవైన గుర్రం మీంచి పడ్డాడు.
ఆ పూట నుంచి ఊరు ఈయనది:
వాగు, వాగులో చేపల హక్కు,
చర్చిలో ముందు బల్ల,
సగం కూలిన బురుజు, దాని మీది కాకులు.
ఆ కబురు మోసుకొచ్చే ఓడ
ఆఫ్రికా కొస చుట్టి
ఆగస్టులో దిగింది ఇక్కడి రేవులో.

నూటమూడు రోజులు దొర.
ఆ నూటమూడు రోజులూ
ఉప్పు బస్తాలు లెక్కపెట్టాడు,
చెమటకాయలకి గంధం రాసుకున్నాడు,
గుడ్డల వర్తకుడికి పదకొండు రూపాయలు బాకీపడ్డాడు.
ఎవరూ లేచి నిలబడలేదు.

ఇంకో కాగితం ఉంది, చర్చి పుస్తకం నకలు.
బాప్తిస్మం: మేరీ, ఏడు నెలలు.
తండ్రి: ఈయనే, పూర్తి పేరు, కొలువుతో సహా.
తల్లి: ఇక్కడి మనిషి.
అంతే.
జాలరి పేటో, ఎగువ కొండో,
ఏమని పిలిస్తే పలికేదో, ఏమీ లేదు.

పెళ్ళి రాసిలేదు గనక పిల్లకి చెల్లదన్నారు.
పినతండ్రి కొడుకు దొరయ్యాడు.
ఐలీన్ దొరసానిది ఆ కొమ్మ.
"మేరీ ఏమైందండీ?"
"ఆ తర్వాతి పుస్తకం చెదలు తినేశాయి."

మూడు పూటలు పట్టింది.
ఎల్ దగ్గర రాయి పెచ్చు లేచింది,
పొడీ లక్కా కలిపి అతికాను, చూసేవాళ్ళకి తెలీదు.
బిల్లు మీద నా పేరడిగారు.
కింతాడ పోలయ్య.
కింతాడ ఊరే, ఉంది ఎక్కడో.
హార్బరు తవ్వినప్పుడు కంకర కొట్టడానికొచ్చిన
మా ముత్తాత మూటలో తెచ్చుకున్నది ఆ పేరొక్కటే.
బస్సుకి రెండు గంటలు. నేనెప్పుడూ వెళ్ళలేదు.
అక్కడ మాకు సెంటు భూమి లేదు.
ఐనా ఆ పూట సంతకం
కొంచెం పెద్దగా పెట్టాను.

నాలుగొందల యాభై తీసుకుని
సామాను సంచిలో సర్దుతూ చూశాను,
తొమ్మిది అక్షరాల కింద
జానెడు రాయి మిగిలింది, నున్నగా.
అలవాటు కొద్దీ కొలిచాను.
తెలుగైతే నాలుగు అక్షరాలు పడతాయి,
సర్దితే ఐదు.
ఊరికే చెక్కిపెట్టేవాణ్ణి.
పేరు తెలియాలి కదా.