నెయ్యి వద్దుప్పా

టవర్ క్లాక్ దగ్గర వన్నూరప్ప హోటల్లో
మొదటి రోజు పెద్ద పంచాయితీ అయింది.
"నెయ్యి వద్దుప్పా" అన్నాను.
"నెయ్యి లేకుండా కారం దోసె యట్లమ్మా?
పెనానికే సిగ్గయితాది" అన్నాడు.
"సిగ్గయితే కానీలే,
బుడ్డల నూనె రొంత ఎక్కువెయ్యి."
వెనక బెంచీలో ఎవరో అడిగినారు,
షుగరా, బీపీనా, మొక్కుబడా అని.

మూడూ కాదు.
పాలకేంద్రంలో ఆరేళ్ళు లెక్కలు రాసినదాన్ని,
గాజు గొట్టంలో వెన్న శాతం చూసిన కళ్ళివి.
ఒక పొద్దున లింగన్న కొట్టంలో
గడ్డి కూరిన దూడను
ఎనుము నాకుతాంటే చూసినాను.
నాకి నాకి చేపింది.
ఆ పూట రిజిస్టర్లో నాలుగు లీటర్లని రాసినాను.
రాసిన చేత్తో మళ్ళీ గ్లాసు ఎత్తబుద్ధి కాలేదు.
అంతే.
ఇంతకంటే ఎవురికీ చెప్పను.
తినే చోట దుఃఖం వడ్డించడం నాకిష్టం లేదు.

అసలుకే నేను తిండిపోతును.
ఉగ్గాని ముందర కూర్చుంటే
కోర్టు దగ్గర నా జిరాక్స్ షాపు తెరవాల్సిన టైము కూడా గుర్తుండదు.
నీళ్ళలో మునిగి, పిండించుకొని,
పసుపు తాలింపులో దొర్లి
పుట్నాల పొడి చల్లుకొని వస్తాయి బొరుగులు.
పక్కన మిరపకాయ బజ్జీ.
కొరికితే
నాలిక నుంచి నడినెత్తి దాకా ఒకటే రోడ్డు,
మధ్యలో స్టాపుల్లేవు.

ఇంట్లో ఆదివారం సంగటి కెలికేది మా ఆయన, తిప్పేస్వామి.
పెరుగన్నం పడనిదే ఆయనకు నిద్ర రాదు.
ఆయన గిన్నె ఆయనది.
నా గిన్నెలో నేను బుడ్డలు నానేసినాను.
రుబ్బి, వడగట్టి, కాంచి,
గోరువెచ్చగా ఉండంగానే
పచ్చిమిరపకాయ తొడిమలు నాలుగేసి మూత పెట్టినాను.
మొదటిసారి, సున్నం నీళ్ళు.
రెండోసారి, వీధి కుక్క కూడా మొగం తిప్పుకొనింది.
మూడోసారి, మా అనంతపురం మే నెల పుణ్యమా అని
వేలు పెడితే గుంట పడేంత గట్టిగా తోడుకొనింది.
అర్ధరాత్రి లైటేసుకొని, ఒక్కదాన్నే,
ఉల్లిగడ్డ కొరుక్కుంటా
సగం గిన్నె తినేసినాను.

మా అత్త రుద్రమ్మ
ఇదంతా చూసి చూసి, ఒకనాడు
సంగటి ముద్దకు ఊరిబిండి అద్దుకుంటా అనింది:
"కరువులో మేమూ ఇదే తింటిమి కదమ్మే.
పాలన్నీ క్యాన్లలో బస్సెక్కి టౌనుకు పోతాండె,
మాకు మిగిలేది బుడ్డల పొడి, ఎండుమిరపకాయ.
మేం లేక తింటిమి.
నీకు ఉండి వద్దా?"

నాకు జవాబు రాలేదు.
పొయ్యి మీద ఉత్తినే గరిటె తిప్పినాను.
ఒకే ముద్ద.
ఆమె మింగిందేదో, నేను మింగుతాండేదేదో.

కాసేపుండి ఆమే అనింది,
"ఏదీ, ఆ తొడిమల పెరుగు రొంత వెయ్యి."
వేలితో నాకింది.
"పులుపు చాల్లేదు" అని పెదవి విరిచింది.
మళ్ళీ తట్ట చాపింది.

ఇప్పుడు నేను మెట్లెక్కంగానే
వన్నూరప్ప లోపలికి కేకేస్తాడు:
"నెయ్యొద్దుప్పా ఒకటీ!"
అది నా పేరో, దోసె పేరో ఎవురికీ తెలీదు.
మొన్న ఇద్దరు కాలేజీ పిల్లోళ్ళు
"రెండు నెయ్యొద్దుప్పాలు" అని అడిగి తిని పోయినారు.
పక్క టేబుల్లో నేను
ముసిముసిగా చెట్నీ జుర్రుకున్నాను.

టీ ఒక్కటే ఇంకా కుదరలేదు.
సీసాలో బుడ్డల పాలు తీసకపోయి ఇస్తే
వన్నూరప్ప పంతంగా మరగబెట్టినాడు,
అల్లం దంచి, ఏలక్కాయ చిదిపి, మూడు పొంగులు రానిచ్చి.
విరిగిపోయింది.
ఇద్దరం గ్లాసులోకి తొంగి చూసినాం.
"ఇదేందిప్పా, ఉప్మా మాదిరుండాది" అన్నాడు.

స్పూను అడిగి తీసుకొని
తినేసినాను.