పన్నెండున్నర నీడ

సోమవారం రాత్రి
కుక్కర్ మూడో కూత వేసేలోపు
పదిహేను దిద్దేయగలను.
ఏడో తరగతి బి సెక్షన్, నలభై మూడు నోటుబుక్కులు.
ఇంటిపని: మీటరు పొడవు కర్రను ఎండలో నిలబెట్టుము.
గంటగంటకూ నీడ కొలుచుము.
పట్టిక నింపుము.

అందరిదీ ఒకటే కర్ర.
తొమ్మిదికి నూట నలభై, పదికి తొంభై,
పన్నెండుకు అరవై, అదే అతి చిన్నది.
గైడులోంచి ఫోనులోకి, ఫోనులోంచి గ్రూపులోకి
నడిచొచ్చిన కర్ర.
దానికి మబ్బు పట్టదు. కుక్క తగిలి పడిపోదు.
చదువుకునే రోజుల్లో నేనూ పాతాను దాన్ని,
కాగితం మీదే.
టిక్కు. టిక్కు. టిక్కు.

ఇరవై తొమ్మిదోది గుండేటి రవళిది.
మొదటి గడిలోనే పేచీ.
"మా ఇంట్లకు ఎండ రాదు మేడం,
పక్కింటోళ్లు మూడో అంతస్తు ఏసినప్పటి సంది.
అందుకే చిక్కడపల్లి రోడ్డు మీద
మెట్రో లైను నీడ కొలిచిన."

తొమ్మిదికి: సత్తార్ చాచా పంక్చరు డబ్బా
పడమటి ఫుట్‌పాత్ మీద, బేకరీ మెట్టు కాడ.
పదకొండుకు: డబ్బా రోడ్డు అంచుకు జరిగింది,
చాచా కాళ్లు మాత్రం ఎండలనే.
నాలుగుకు: తూర్పు దిక్కు, మందుల షాపు షట్టరు ముందట.

"కొలత ఎక్కడ?" అని ఎర్రపెన్నుతో గీకి
పేజీ తిప్పాను.
కొలత అక్కడుంది.
ఫుట్‌పాత్ పలక ఒక్కోటి ముప్పై సెంటీమీటర్లు,
పక్కన స్కేలు బొమ్మ,
పగిలిన పలకల్ని విడిగా కొలిచినట్టు చిన్న నోటు.
నడి రోడ్డు మీద పలకలుండవు కాబట్టి
డివైడర్ నుంచి అటు ఇరవై రెండు పాదాలు,
ఇటు ఇరవై రెండు.
"ఆటోలు ఆగెటట్టు చాచా చెయ్యి అడ్డం పెట్టిండు."

ఎర్ర సిరా చెరిపితే కాగితం చిరుగుతుంది.
అలాగే ఉంచాను.

చివరన పరిశీలన:
"నీడ రెండు దిక్కుల సమానమైంది పన్నెండున్నరకు.
చాచా డబ్బా ఎత్తుకొని రోడ్డు దాటేది గప్పుడే,
పంపు నేను పట్టుకున్న.
పుస్తకంల పన్నెండు అని ఉన్నది.
నా గడియారం, చాచా ఫోను, స్టేషన్ల బోర్డు
మూడూ చూసిన.
ఎవరిది తప్పు మేడం?"

కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో, పప్పు అడుగంటింది.

పద్నాలుగేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను,
పన్నెండు, పన్నెండు అని.
ఒక్కసారీ బయటికెళ్లి చూడలేదు.
గ్రౌండేమో స్టాఫ్‌రూం కిటికీ అవతలే.

మావారి పాత అట్లాసు దులిపి వెతికాను.
సగం దొరికింది.
దేశమంతటి గడియారాలకూ ఒకటే గీత,
అది కాకినాడ పక్క నుంచి పోతుంది.
అక్కడ మిట్టమధ్యాహ్నం చేసుకొని సూర్యుడు
చిక్కడపల్లి చేరేసరికి పావుగంట.
మిగతా పావుగంట దారిలో ఎక్కడ ఆగాడో
నాకు తెలియదు.

ఎర్రపెన్ను మూసి నీలంతో రాశాను:
"నీది తప్పు కాదు.
పుస్తకానిదీ అబద్ధం కాదు, తొందర.
సగం జవాబు రేపు చెప్తాను,
సగం నేనూ వెతుకుతున్నాను."
రాశాక కాస్త సిగ్గేసింది,
కాస్త ఆకలీ వేసింది.

తెల్లారి బి సెక్షన్ మొత్తం గ్రౌండులో,
ఆయమ్మ దగ్గర అడిగి తెచ్చిన చీపురు కర్ర చుట్టూ.
హెడ్మాస్టరు వరండాలోంచి
కళ్లజోడు పైకి నెట్టి చూస్తున్నారు.
పన్నెండు కొట్టారు.
నీడ బెల్లు వినలేదు,
ఇంకా కురచవుతూనే ఉంది.
"అయ్యో, ఆగలే!" అన్నాడు
నిన్న పన్నెండుకు అరవై రాసిన అఖిలేశ్.

రవళి మాత్రం కర్ర వైపు చూడటం లేదు.
మొహం పైకెత్తి
ముషీరాబాద్ దిక్కు నుంచి వస్తున్న తెల్ల మబ్బు వైపు చూస్తూ
"మబ్బు రోజు చాచా ఎక్కడ కూసుంటడో
అడుగుడు మర్సిన మేడం" అంది.