మరలు

మున్నూరిచ్చినా. తాడిపత్రి తుక్కంగట్లో
కాటా కింద పడుండె ఈ కట్టింగు మిషను.
"తిరిగితే నీ అదృష్టం" అన్యాడు అంగడాయప్ప.

రాత్రి, పాత లుంగీ పరిచి మరలిప్పినా.
ఒకటి మొండికేసె, కిరసనాయిలు తాపితే గానీ రాల్యా.
కార్బన్లు చింతగింజంత మిగిలుండాయి.
బేరింగు పండ్లు కొరుకుతాంది.
ఉప్పుకాగితంతో రుద్దంగ రుద్దంగ
రాగి బయటపడె, తోమిన చెంబు మాదిరి.

లోపలంతా దుమ్ము.
మా నల్లబండలది కాదు. ఎర్రది.
యాడనో ఎర్రరాయి కోసినోనిది.
మూత లోపల మేకుతో గీకిన పేరు: ఓబులేసు.
ఎవరో, ఏమాయనో.
ఉఫ్ఫని ఊదితే నా మొగమంతా వాడే.

కొత్త కార్బన్లు, రవ్వంత గ్రీజు, అతుకుల్లేని వైరు.
ప్లగ్గు పెడితే గుర్రుమని ఆగిపాయ.
స్విచ్చిలో వైరు తప్పు. మళ్లా ఇప్పి, మళ్లా బిగించి.
ఈసారి రెండు నిప్పురవ్వలు,
తర్వాత ఒకే తీరున, సన్నంగా, తిరుగుతానే ఉండాది.
"అర్ధరాత్రి ఏం పోయేకాలం!" పక్కింటి హుసేనమ్మ.

నాయన లేచి కూచునె.
ముప్పై ఏండ్లు బండలకు పాలిషు పట్టిన మనిషి.
దగ్గుతా దగ్గుతా చెయ్యి చాపి
మిషను బరువు చూసె.
"దీనికి నయంరా,
మరలుండాయి ఇప్పేకి."

నేను స్విచ్చి ఆపినా.