ఆరు తర్వాత

బ్రాడీపేట పార్కులో తెల్లారుజామున
చేతులూపుకుంటూ తిరిగే తొమ్మిది మందిమి
మాచర్ల బస్సెక్కాం.
పులిహోర పొట్లాలు, బత్తాయిలు,
నాగుల్ మీరా మెడలో విజిలు,
సువార్త టీచరు సంచిలో పాతిక పలకలు,
"వట్టి చేతుల్తో ఎవరింటికైనా పోతామా" అని.

నా సంచిలో టార్చిలైటు.
ముప్పై మూడేళ్ళు కరెంటాఫీసులో చేసినవాడికి
చీకటంటే ఇంకా నామోషీ.

ఫారెస్టు గేటు దగ్గర ఆటో నిలిచిపోయింది.
అక్కణ్ణించి కాళ్ళే.
ముందు మండ్లి గురవయ్య,
భుజాన గొడ్డలి, టైరు చెప్పులు.
ఎంత దూరమని శేషగిరి అడిగినప్పుడల్లా
"ఇదుగో, ఆ మలుపే" అంటాడు.
మలుపు తిరిగితే మలుపు.

అందరూ పిట్టల్ని చూస్తున్నారు.
నేను స్తంభాలు లెక్కపెడుతున్నాను.
రైల్లో కూర్చున్నా, పెళ్ళి ఊరేగింపులో నడిచినా
నా తల పైకే ఉంటుంది, అలవాటు.
ఒకటి. రెండు.
మూడోదానికి తీగ ఉంది,
పాకేది, పూసేది.
నాలుగోది వాలింది.
ఐదోదాని మొదట్లో ఎవరో కుంకుమ పెట్టారు.
ఆరు.
ఆరు తర్వాత అడవి.

ఏడోది ఉండాలి.
ఉందని నేనే రాశాను.
తొంభై ఎనిమిది, మార్చి ముప్పై ఒకటి,
మాచర్ల సెక్షనాఫీసు, తిరగని ఫ్యాను,
రిజిస్టరులో నా దస్తూరీ:
స్తంభాలు ఇరవై రెండు. పని పూర్తి.
సంతకం కింద గీత కూడా గీశాను,
స్కేలు పెట్టి.
కొండెక్కలేదు. ఎండ.
పైగా పెద్దమ్మాయికి జ్వరం.
జ్వరం మాత్రం నిజం.

పెంట చేరేసరికి మునిమాపు.
పన్నెండు గుడిసెలు,
గుడ్డిగా కళ్ళు తెరిచిన ఒక సోలారు దీపం.
సువార్త టీచరు పలకలు పంచింది,
బలపాలు మర్చిపోయింది.
పిల్లలు పొయ్యిలో బొగ్గు తెచ్చి గీశారు.
నల్ల పలక మీద నల్ల బొమ్మ,
ఏం గీశారో వాళ్ళకే కనపడింది.

ఈదమ్మ జొన్న సంకటి పెట్టింది,
కాల్చిన గడ్డలు, చిటికెడు ఉప్పు.
"నువ్వేం పని చేస్తావు సామీ?"
రిటైరయ్యానన్నాను.
అదేం పని అన్నట్టు చూసింది.
"కరెంటు" అన్నాను.

మంట ఎగదోసింది.
"మా ఆయన మీవోళ్ళకి గుంటలు తవ్వాడు.
ఇరవై రెండు.
ఆరింటికి కూలిచ్చారు.
తక్కినవి వానలకి పూడినయి.
ఒకదాంట్లో మేకపిల్ల పడి కాలిరిగింది."
కోపంగా కాదు,
పోయినేడాది వాన గురించి చెప్పినట్టు.
ఆయన ఏడీ అని నేనడగలేదు.
ఇంకో గడ్డ వేసింది నా ఆకులో.

నిద్ర పట్టలేదు.
ఏ రెండింటికో లేచి గుడిసె వెనక్కి వెళ్తే
నేల కాలి కింద కుంగింది.
టార్చి వేశాను.
కొలిచినట్టు గుండ్రంగా గుంట,
అందులో ఎరువు, ఎరువులో సొరపాదు.
తీగ గుడిసె కప్పు దాకా లాగి ఉంది,
మేం చెయ్యాల్సినంత పొందిగ్గా.
చివర ఒక్క కాయ వేలాడుతోంది.
ఇరవై రెండోది.
లైటు ఆర్పి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

పొద్దున్నే ఈదమ్మ చేతిలో టార్చి పెట్టాను.
అటూ ఇటూ తిప్పి చూసి
"బ్యాటరీలు అయిపోతే?" అంది.

తిరుగు బస్సులో, పిడుగురాళ్ళ దాటాక,
నాగుల్ మీరా క్లబ్బు పుస్తకం తీశాడు.
ఎవరికి వాళ్ళు చూసిన విశేషాలు రాయాలి.
నెమళ్ళు, అని శేషగిరి.
చల్లగాలి, అని ఇంకెవరో.
"పసివాళ్ళ చేతులు", సువార్త టీచరు.
పుస్తకం నా ఒళ్ళోకొచ్చింది.

స్తంభాలు ఆరు.
గుంటలు పదహారు.
కూలి బాకీ.

సత్తెనపల్లి గతుకుల్లో
సంతకం వంకర పోయింది.
దిద్దలేదు.