నిశ్చలం

నవంబరు మూడో వారం. నరిన్ నది అంచులకి
మంచు అప్పుడే పళ్ళు దించుతోంది.
బురుల్కాన్ ఆపా ఫోన్ చేసి ఒక్కటే మాట అంది:
"వాయవ్యం నుంచి లోపలికొస్తోంది. ఉలి పట్టుకొని రా."

ముప్పై ఒక్క ఏళ్ళు కనుమ మీది వాతావరణ కేంద్రంలో
మూడు గంటలకోసారి లాంతరుతో బయటికెళ్ళి
గాలికి పద్దు రాసిన మనిషి.
నేను వెళ్ళేసరికి తలుపుకి పటం గీసి ఉంచింది.
పైకీలు దగ్గర పిల్లగాలి,
గొళ్ళెం పక్కన దాని అన్న,
గడప కింద మాత్రం: "దుప్పటి అంచు లేచేంత".

నాకు పటాలతో పనిలేదు. జేబులో పది సోముల నోటుంది.
సందులో పెట్టి తలుపు మూసి లాగుతాను.
బిగిస్తే ఆ చోటు మంచిది,
జారొస్తే సుద్దతో ఓ గీత.
ఆవిడ పటమూ నా గీతలూ
ఒక్కచోట తప్ప అంతటా కలిశాయి.
ఆ ఒక్కచోటా కొవ్వొత్తి పట్టుకు చూశాం.
తప్పు నాదే.

కీళ్ళకి పొడవాటి మరలు బిగించాను.
వేలాడుతున్న రెక్క కాస్త లేచి
ద్వారబంధానికి భుజం ఆనించింది.
గడప సంగతే వేరు. నడుమ అరిగి
నీళ్ళు పోస్తే నిలిచేంత పల్లం.
"సగం మా ఆయన బూట్లది," అంది,
"మిగతాది గొర్రెపిల్లలది.
చలి ముదిరితే అన్నీ లోపలే పడుకునేవి."
కొత్త చెక్క వేయనివ్వలేదు.
పాత ప్యాంటు కాలు కత్తిరించి, ఇసుక నింపి, రెండు కొసలూ కుట్టి
కొండచిలువలా ఆ పల్లంలో పడుకోబెట్టింది.

పట్టీలకి ఉన్ని కావాలన్నాను.
పెట్టెలోంచి ఓ షిర్దక్ తివాచీ తీసింది,
ఎర్రటి పొట్టేలు కొమ్ముల అల్లిక.
కత్తెర పెట్టడానికి నాకు చెయ్యాడలేదు.
"చిమటలు నిన్నడిగే తిన్నాయా? కొయ్యి!"
కోశాను. కొమ్ములు ముక్కలై
ద్వారబంధం చుట్టూ మేకుల కింద సర్దుకున్నాయి.

తలుపు మూశాం.
కొవ్వొత్తి మంట నిగడదన్ని నిలబడింది.
ఆపా కళ్ళజోడు పెట్టుకొని, తేదీ వేసి రాసింది:
తలుపు వద్ద గాలి, నిశ్చలం.
సర్వీసు మొత్తమ్మీద ఆ మాట
నాలుగుసార్లే రాసిందట.
రాశాక కూడా మంట వంకే చూస్తూ కూర్చుంది,
ఎవరో చెప్పకుండా వెళ్ళిపోయినట్టు.

టీ సగం తాగామో లేదో
పొయ్యి దగ్గింది.
పొగగొట్టంలోకి పోవాల్సింది వెనక్కి తిరిగి
బొగ్గు వాసనై గదిలోకొచ్చింది.
కిటికీ బార్లా తెరిచాను. చెవులు కాలిపోయాయి నాకు.
ఇన్నేళ్ళూ ఈ పొయ్యి ఊపిరి తీసింది
ఆ తలుపు సందుల్లోంచే కదా!
మొన్నటేడు పైవీధిలో
ఒక ఇంటిల్లిపాదినీ మంచులో పడుకోబెట్టి లేపాల్సొచ్చింది.
తెలిసీ మరిచాను.

పొయ్యి వెనక గోడకి బరమా పెట్టి
బొటనవేలంత బెజ్జం తొలిచాను.
గాలి గది దాటకుండా
తిన్నగా నిప్పు నోట్లోకే పోతుంది.
ఆపా అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు మూసుకుని,
"రెండో నంబరు," అంది. "ఆకులు కదులుతాయి."
పుస్తకంలో కొత్త వరస గీసింది.
ఇంట్లో మళ్ళీ ఓ ఉద్యోగం మొదలైంది.

డబ్బు సగం, నేరేడురంగు జామ్ సీసా, అరబస్తా బంగాళదుంపలు.
చీకటిపడి ఇల్లు చేరాను.
మా జైనాగుల్ కోటు విప్పనివ్వలేదు.
మా తలుపు సందుల్లో ఆరేళ్ళ నాటి వార్తాపత్రికలు.
"ఆ నోటేదీ, ఇలా ఇయ్యి," అంది.
పెట్టింది. లాగే పనే పడలేదు,
నోటు తనంతట తానే అటుపక్కకి పోయింది.

ఇప్పుడు మోకాలి లోతు మంచులో
టార్చితో దానికోసమే వెతుకుతున్నాను.
తల ఎత్తితే, మూసిన మా తలుపు చుట్టూ
నాలుగువైపులా సన్నటి వెలుగు గీత,
ఎవరో సుద్దతో గుర్తు పెట్టినట్టు.