టీ రిజిస్టరు

బోర్డు మీద పేరు రెండు వరుసల పొడుగు,
గది మాత్రం ఒక్కటే.
క్యాంపస్ ఊరి బయట ఉంటే
మాకిచ్చింది గుంటూరు నడిబొడ్డున పాత గోడౌను.
ఒకప్పుడు జవాబు పత్రాల కట్టలకు సీళ్ళు వేసేవారిక్కడ,
వాన పడితే ఇప్పటికీ లక్క వాసన.

బహుశాస్త్ర పరిశోధనా కేంద్రం.
పెయింటరు 'శా'కి దీర్ఘం మరిచాడు.
భాషాశాఖ పిచ్చయ్య మాస్టారు
స్టూలెక్కి సుద్దముక్కతో దిద్దారు.
తొలకరికి కరిగింది దీర్ఘం,
మళ్ళీ ఎక్కారు.

అయిదు శాఖలు, అయిదు బీరువాలు,
అయిదు తాళంచెవులూ నా మొలతాడుకే.
మొదటి ఏడాదంతా ఒకటే తగువు:
టీ ఖర్చు ఏ శాఖ పద్దులో రాయాలి?
రసాయనం వాళ్ళు పాలూ, గణాంకం వాళ్ళు చక్కెరా
పంచుకుందామని నవ్వారు గానీ
రిజిస్టరు రాసింది నేను,
చాలాసార్లు డబ్బులిచ్చిందీ నేనే.

రెండో ఏడు, ఎండలు ముదిరిన నెలలో
ఏటుకూరు రోడ్డు నించి షేరాటోల్లో దిగారు ఆడవాళ్ళు,
తొడిమలు తీసే చేతులు,
గోళ్ళ సందుల్లో ఎరుపు.
ముందు కూర్చున్నది సలోమి.
ముక్కుకు చుట్టిన కొంగు విప్పి దులిపితే
వైదేహి మేడం ఆ దుమ్ము కింద
గాజుసీసా పట్టింది, ప్రసాదం పట్టినట్టు.
డాక్టరు హేమనళిని గొట్టం అందించింది:
"ఊదమ్మా. దీపం ఆర్పినట్టు కాదు,
పచ్చికట్టెల పొయ్యి రాజేసినట్టు."
ఊదింది. అంకె వచ్చింది.
రసూల్ బాషా గారు గడిలో వేశారు.
పంటల లెక్కల కుర్రాడు కిలోకి కూలెంతని అడిగి
తలొంచుకున్నాడు.

అప్పుడు పిచ్చయ్య మాస్టారు, ఊరికే, మాటల కోసం,
"ఈ దగ్గుని మీలో ఏమంటారమ్మా?"

"ఏ దగ్గు?" అందామె.
"కొత్తకాయ దగ్గా, ఏసీ కాయ దగ్గా?"

డాక్టరు కలం ఆగింది.
సీసా మూత బిగిస్తున్న వేళ్ళు ఆగాయి.

"కొత్తకాయది ముక్కులోకి కొడుతుంది,
తుమ్మితే పోతుంది.
ఏసీలోంచి తీసిన కాయది అట్టా కాదు.
బస్తా విప్పితే చల్లగా చెమ్మ, లోపల తెల్లటి బూజు.
అది పగలేమీ అనదు.
రాత్రి పిల్లలు పడుకున్నాక లేపుతుంది."

అయిదు తలలు ఒక్కచోటికి వంగాయి.
ఎవరి కాగితం మీద ఎవరు రాస్తున్నారో తెలీదు.
బాషా గారి గడుల మధ్య మాస్టారు కొత్త గీత గీస్తే
బాషా గారు ఏమీ అనలేదు.
మూడేళ్ళలో ఆ పావుగంటసేపు
కేంద్రం ఉన్నట్టనిపించింది నాకు.
టీ చల్లారిపోయింది, ఎవరూ అడగలేదు.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అడిగింది సలోమి:
"పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు గదా సారూ,
పొద్దస్తమానం పొలమారుద్ది నాకు.
ఎవరు తలుచుకుంటున్నారో
అది గూడా తెలుద్దా మీ మిషన్లో?"

నవ్వింది. మిగతా ఆడవాళ్ళూ నవ్వారు.
మావాళ్ళు నవ్వబోయి, మానేశారు.
ఆ ప్రశ్నకి ఏ పత్రంలోనూ గడి లేదు.
చేతిలో ఉన్నది టీ రిజిస్టరు. అందులో రాశాను,
పధ్నాలుగు టీలకీ మూడు బిస్కెట్ పొట్లాలకీ నడుమ.

గ్రాంటు అయిపోయింది.
నివేదిక అయిదు ప్రతులు తీసి
అయిదు బీరువాల్లో పెట్టాం.
యార్డులో మాస్కులు పంచారట రెండు నెలలు.
దీర్ఘం దిద్దే మాస్టారు రిటైరయ్యారు,
'శ' ఇప్పుడు పొట్టిగానే ఉంది.

మొన్న ఆడిట్ వాళ్ళు వచ్చి
టీ రిజిస్టరు తిప్పి తిప్పి
ఆ పేజీ దగ్గర ఎర్రసిరాతో సున్నా చుట్టారు:
"ఇది ఏ శాఖ పద్దు?"

జవాబు రాయాలి, సోమవారం గడువు.
కలం పట్టుకుని కూర్చున్నాను.
కిటికీలోంచి గాలి తిరిగింది, యార్డు వైపు నించి.
దగ్గొస్తోంది.
కొత్తకాయదే అనుకుంటా.